చనిపోయిన గుఱ్ఱమునకు వెల

చచ్చినవాని కన్నులు చారెడని మనలో నొక సామెత కలదు. బ్రతికియున్ననాడు అందరి కన్నులవలెనే యున్నవి, పోయిన పిమ్మట చారెడంతేసి పెద్దవిగా తోచునని దాని భావము. మనుష్యుల విషయమున నీ యతిశయోక్తిని లోకము మన్నించును. పోయినవారిని పొగడుట మర్యాద యని యూరకుండును. కాని పోయినది ఆవో, గేదెయో, గుఱ్ఱమో అయి, దానికై నష్టపరిహార మడుగవలసి వచ్చినపుడు ఈ సామెతయే మన కెదురై నిలుచును. మనము చెప్పిన ప్రతి మాటను ఎదుటివారు ఆ సామెతతోనే తూచెదరు. అది మంచిదన్నను, పనిమంతురాలన్నను, పోయినది గనుక నట్లే చెప్పుదురని తలయూపి, తమకు తోచిన యంకె వేయుదురు. అట్టివారికి కన్నీరు జవాబు కాజాలదు. కాగితమే జవాబు. ఈ సంగతి మా యింట జరిగిన నష్టమువలన మాకు బాగుగా తెలిసివచ్చినది. పశువులు గల యిండ్ల సోదరీమణులకు పనికివచ్చునను తలంపుతో నిచట వ్రాయుచున్నాము.

మాది గుంటూరు జిల్లాలోని యొక చిన్న పట్టణము. మా మామగారి తండ్రిగారు రైలుస్టేషను కడ జట్కా నడిపినవారు. ఆటోలు వచ్చి జట్కాలు మూలబడిన తరువాతను మా మామగారు గుఱ్ఱములను విడువలేక, పెండ్లి ఊరేగింపులకు తెల్లగుఱ్ఱమును, అలంకరించిన బండిని అద్దెకిచ్చు పనిలోనికి దిగిరి. ఇప్పుడు దానిని మా వారు సాగించుచున్నారు. 2017 డిసెంబరులో వారు మహారాష్ట్రమునకు పోయి, నందుర్బార్ జిల్లాలో తపతీనది యొడ్డున సారంగ్‌ఖేడాలో దత్తజయంతికి జరుగు గుఱ్ఱముల సంతలో, నాలుగేండ్ల తెల్ల ఆడుగుఱ్ఱమును 62,000 రూపాయలకు కొని తెచ్చిరి. అది లారీ దిగిన నాడు మా అత్తగారు దిష్టి తీసి దానికి మల్లి యని పేరు పెట్టిరి.

మల్లి చూచుటకు చక్కనిదే గాని, డప్పు చప్పుడు విన్నచో చెవులు వెనుకకు వేసి చిందులు త్రొక్కెడిది. బాణసంచా సంగతి చెప్పనక్కఱలేదు. పెండ్లికొడుకును మోయవలసిన గుఱ్ఱమునకు అట్టి బెదురు పనికిరాదు. దాదాపొక సంవత్సరము దానిని ఊరేగింపునకు పంపలేదు. ప్రతిదినము ఉలవలు పెట్టువేళ మా అత్తగారు ఇత్తడి పళ్లెమును గరిటెతో కొట్టుచు, మొదట దూరముగాను, క్రమముగా దగ్గఱగాను నిలిచెడివారు. చప్పుడు వచ్చినచో ఉలవలు వచ్చునని అది నేర్చుకొన్నది. పిమ్మట బ్యాండుమేళపువారిని పిలిచి లాయము ముందు వాయింపజేసితిమి. 2018 చివరకు మల్లి ఎంతటి మేళము నడుమనైనను కన్నార్పక నిలుచు గుఱ్ఱమైనది. ఈ పళ్లెపు చప్పుడునకు కూడ వెల కట్టవలసిన దినము వచ్చునని అప్పుడెవరు తలంచిరి?

2024 మాఘమాసములో, ఫిబ్రవరి నెల నొక రాత్రి, మల్లికి కడుపుశూల పట్టినది. నేలపై పడి దొర్లుట, లేచుట, మరల ప్రక్కటెముకల వైపు తల త్రిప్పి చూచుకొనుట చూచి మా వారు పశువైద్యుని పిలిచిరి. వారు ముక్కుగుండ గొట్టము వేసి, సూదిమందులిచ్చి, చేయదగినదెల్ల చేసిరి. గుఱ్ఱము ఆవువలె నెమరువేయు జంతువు కాదు. దానికి వాంతి చేసికొను శక్తియు లేదు. లోన అడ్డు పడినచో వెడలు త్రోవ తక్కువ. తెల్లవాఱకముందే అది ప్రాణము విడిచినది.

దానికి 1,20,000 రూపాయలకు బీమా కలదు. అంతకు ముందు ఆగస్టులోనే పాలసీ మరల వ్రాయించితిమి. అందుచేత తెల్లవాఱగనే మేము చేసిన మొదటి పని బీమా కంపెనీకి ఫోను చేసి, వెనువెంటనే వ్రాతమూలముగా తెలియజేయుట. పాలసీలో ఇరువదినాలుగు గంటలలోపల తెలుపవలెనని యున్నది. మా అత్తగారు పసుపు కుంకుమలు పళ్లెములో పెట్టుకొని లాయము గుమ్మమున నిలిచి, "అమ్మాయీ, ఒళ్లింకా చల్లబడలేదు. అప్పుడే కాగితాలా?" అనిరి. మాకు నోట మాట రాలేదు. ఆ మాఘ ఫాల్గుణములకు ఆఱు పెండ్లిండ్లవారి వద్ద బయానా పుచ్చుకొని యుంటిమి. వారి సొమ్ము తిరిగి ఈయవలెను. పెద్దపిల్ల కళాశాల జీతము జూన్‌లో కట్టవలెను. దుఃఖము మా యందఱిదియు, లెక్క మాత్రము మా యొక్కరిదియు నైనది. ఇల్లు నడుపు స్త్రీలకిది క్రొత్త గాదు.

పూడ్చుటకు ముందు శవపరీక్ష జరుగవలెను. కంపెనీ పంపు సర్వేయరు కూడ చూడవలెను. వైద్యులు శవపరీక్ష చేసి పెద్దప్రేగు మెలిపడినట్లు వ్రాసిరి. గుఱ్ఱమునకు పాలసీ వ్రాయునపుడు దాని ఆకారమును కాగితముపై గీసి, ఒంటిమీది గుర్తులను అందులో చూపుదురు. మల్లికి నుదుట జంట సుడులు, మెడకు కుడివైపున నొక సుడి, ఎడమ ముంగాలిపై ఇనుపతీగె గీసిన పాత మచ్చ యుండెను. సుడులను బట్టి శుభాశుభములు చెప్పుట మన పెద్దల వాడుక. నేటి పశువైద్యులు వానినే యానవాళ్లుగా వాడుదురు. ఏలయన రెండు గుఱ్ఱములకు సుడులన్నియు నొకేచోట నుండుట అరుదు. వైద్యులు కాగితమును, కళేబరమును సరిచూచి, పండ్లకు ఫోటోలు తీసిరి. మధ్యాహ్నము రెండు గంటలకు సర్వేయరు వచ్చి చూచి వెళ్లిన తరువాతనే పసుపు కుంకుమలకు వేళయైనది. లాయము వెనుకనే పూడ్చితిమి.

చచ్చినదానిని చూపుమనుట మాకు ఆనాడు కఠినముగా తోచినను, ఈ నియమము మిక్కిలి పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రములో అశ్వాధ్యక్షుడు ప్రతి గుఱ్ఱమునకును కులము, వయస్సు, రంగు, గుర్తులు, అది వచ్చిన విధము మున్నగునవి వ్రాసియుంచవలెనని యున్నది. మందలోని పశువు చచ్చినచో కాపరి వట్టిమాట చెప్పిన చాలదు. ఆవు గేదెలకైన ముద్రగల చర్మమును, మేకలు గొఱ్ఱెలకైన చెవిని, గుఱ్ఱము గాడిద ఒంటెలకైన తోకను, ముద్రగల చర్మమును తెచ్చి చూపవలెను. మనుస్మృతియు కాపరి చచ్చిన పశువు అంగములను యజమానికి చూపవలెననినది. ఇప్పుడు పశువుల చెవికి వేయు బిళ్ల ఆ ముద్రకు మనుమరాలు. బీమా చేసిన గేదె చనిపోయినపుడు చెవిబిళ్ల లేకున్న సొమ్ము రాదని పల్లెలలో నెఱుగనివారు లేరు.

కళేబరము కనబడకున్న నేమగునో తెలుపుటకు షెర్గార్ అను పందెపుగుఱ్ఱము కథ చాలును. అది 1981లో ఇంగ్లండులోని డెర్బీ పందెమును పది గుఱ్ఱముల నిడివి తేడాతో గెలిచినది. తరువాత దానిని సంతానమునకై ఐర్లండులో నుంచి, నలువది వాటాలుగా విభజించి, వాటా 2,50,000 పౌండ్ల చొప్పున లెక్కించిరి. అనగా ఒక్క గుఱ్ఱము వెల కోటి పౌండ్లు! 1983 ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి ముసుగులు ధరించిన దుండగులు దానిని ఎత్తుకొనిపోయిరి. కళేబరమెన్నటికిని దొరకలేదు. దొంగతనమునకు కూడ బీమా చేయించిన వాటాదారులకు సొమ్ము ముట్టినది. మరణమునకు మాత్రమే చేయించినవారికి, మరణము ఋజువు కానందున, చిక్కి వచ్చినది. ఇక అమెరికాలో ఖరీదైన గుఱ్ఱములను బీమా సొమ్మునకై యజమానులే చంపించిన కథలు బయటపడి, 1994లో చికాగోలో పలువురిపై నేరము మోపబడినది. కావున సర్వేయరు కొంత అనుమానముతో చూచినంత మాత్రమున మనము నొచ్చుకొనరాదు. దొంగలు చేసిన పనికి దొరలు ఋజువు చూపవలసి వచ్చుట లోకరీతి.

మల్లి మరణమును కంపెనీవారు వెంటనే ఒప్పుకొనిరి. చిక్కు వెల కడ వచ్చినది. ఏప్రిలులో వచ్చిన ఉత్తరములో మాకీయదగినది సుమారు 25,000 రూపాయలని యుండెను. వారి లెక్క యిది. గుఱ్ఱమును 62,000కు కొంటిరి; ఏటికి పదవవంతు చొప్పున అరుగుదల; ఆరేండ్లకు 37,200 పోగా మిగిలినది 24,800. అదిగాక గుఱ్ఱమునకు పదునాలుగేండ్లుండవచ్చునని సర్వేయరు సందేహము వ్రాసిరి.

మా వారు ఆ యుత్తరమును మడిచి గూటిలో పెట్టి, "ఇచ్చినది పుచ్చుకొందము, చచ్చిన గుఱ్ఱముతో కోర్టులకు పోదుమా?" అనిరి. మేము మాత్రము పాలసీని తీసి మొదటినుండి చివరవఱకు చదివితిమి. అందులో తెలిసిన దేమనగా, పాలసీలో వ్రాసిన 1,20,000 మనకు తప్పక వచ్చు సొమ్ము కాదు. అది హద్దు మాత్రమే. మరణమునకు ముందు ఆ పశువు బజారులో నెంతకు పోవునో ఆ వెలయు, ఈ హద్దును చూచి, రెండింటిలో నేది తక్కువయో దానిని చెల్లింతురు. నష్టపరిహారమనగా నష్టమును పూడ్చుటయే గాని లాభము చేకూర్చుట కాదు గనుక ఈ నియమము న్యాయమే. కొన్ని దేశములలో మేలుజాతి గుఱ్ఱములకు ముందుగనే ఒప్పుకొన్న వెల నట్లే యిచ్చు పాలసీలు కలవు. మాది అట్టిది కాదు. కాబట్టి 1,20,000 ఈయుడని పట్టుబట్టుట తగదు. అయితే బజారు వెల యని యున్నచోట, కొన్న వెలలో అరుగుదల తీసివేయుటయు తగదు. గుఱ్ఱము కుట్టుమిషను కాదు. మిషను కొన్ననాటినుండియు అరుగును. గుఱ్ఱము కొంతకాలము పెరిగి, నేర్చి, వెల హెచ్చి, పిమ్మట ముసలిదై తగ్గును. అడుగవలసిన ప్రశ్న యొక్కటే: చనిపోవుటకు ముందునాడు తెలిసినవాడొకడు దీనిని కొనవచ్చినచో నెంత యిచ్చును?

ఈ ప్రశ్నకు జవాబుగా మేము కాగితములు కూర్చుటకు పూనుకొంటిమి.

మొదటిది వయస్సు. గుఱ్ఱమునకు అయిదేండ్లు నిండునప్పటికి ముందరి పాలపండ్లన్నియు పోయి గట్టిపండ్లు వచ్చును. తరువాత పదియేండ్ల ప్రాంతమున పైదవడ మూలపంటిపై చిగురు కడ నొక చాలు కనబడును. అది క్రమముగా దిగుచు పదునైదేండ్లకు సగమువఱకును, ఇరువదికి అంచువఱకును వచ్చును. ఇది ఉజ్జాయింపు లెక్కయే గాని పదికిని పదునాలుగింటికిని తేడా చెప్పుటకు చాలును. వైద్యులు తీసిన ఫోటోలో మల్లి పంటిచాలు అప్పుడే చిగురు దాటి బయటపడుచున్నది. సంతలో నిచ్చిన రసీదులో నాలుగేండ్లని యున్నది. రెండును కలిపి చూచినచో పదియేండ్ల పైమాటయని తేలినది.

రెండవది పోలిక. మల్లివంటి గుఱ్ఱములు ఆ సంవత్సర మెంతకు చేతులు మాఱినవో తెలిసికొనుట. మా వారు విజయవాడ, ఏలూరు, గుంటూరులలోని తమ వృత్తివారిని అడిగి మూడు రసీదుల నకళ్లు తెచ్చిరి. మూడును ఊరేగింపునకు అలవడిన తెల్ల ఆడుగుఱ్ఱములే. తొమ్మిదేండ్లది 1,15,000, పదునొకండేండ్లది 98,000, ఆఱేండ్లది 1,30,000. ఈ మూడవదానిని మేమే ప్రక్కకు తీసి, వయస్సు తక్కువగుటచే ఇది పోలికకు రాదని వ్రాసి పంపితిమి. కొందరిది అమాయకత్వమనిరి. కాని మనకు అనుకూలమైనదానిని మనమే కాదన్నపుడు మిగిలిన రెండింటిని ఎదుటివారు నమ్ముదురు.

మూడవది సంపాదన. ఇచ్చటనే మా వంటయింటి లెక్కపుస్తకము పనికివచ్చినది. 2023లో మల్లి నలువదియొక్క ఊరేగింపులకు పోయినది. ఒక్కొక్కదానికి 3,500 చొప్పున 1,43,500 రూపాయలు. ఉలవలు, శనగలు, గడ్డి, తవుడు, లాడములు, మందులు, సాయిసు జీతము కలిపి నెలకు 9,000, ఏటికి 1,08,000. మిగిలినది 35,500. వచ్చిన సొమ్మంతయు గుఱ్ఱము వెల కాదు. ఖర్చు పోగా మిగిలినదే లెక్కకు వచ్చును. అందులోను బండికి, మనుష్యుల కష్టమునకు భాగము కలదు. అందుచేత దీనిని ఏండ్లతో హెచ్చవేసి లక్షలు చూపలేదు. ఒక్క మాట మాత్రము వ్రాసితిమి: ఖర్చులు పోను ఏటికి 35,500 మిగిల్చు గుఱ్ఱమును 25,000కు అమ్మువాడెవడు?

నాలుగవది కంపెనీవారి కాగితమే. పాలసీ వ్రాయునపుడు పశువైద్యుడు పరీక్షించి, ఆరోగ్యముగా నున్నదని, వెల 1,20,000 అని వ్రాసి యిచ్చిన పత్రము. ఆ వెలపైననే ప్రీమియము పుచ్చుకొనిరి. ఆఱు నెలలలో నది అయిదవవంతునకు పడిపోవుటకు కారణమేమని అడిగితిమి.

అయిదవది లోపము. ఎడమ కాలిమీది మచ్చ 2020లో తగిలిన గాయపుది. నడకకు దానివలన అడ్డు లేకున్నను, కొనువాడు దానిని చూచి బేరమాడును. దీనిని కూడ మా యుత్తరములో వ్రాసితిమి. పోయినదాని లోపము చెప్పుకొనుట మనసునకు రుచింపదు. అయినను, చారెడు కన్నుల సామెతకు విఱుగుడు ఇదియే.

కంపెనీ ఫిర్యాదుల యధికారికి మే నెలలో పంపిన యీ యుత్తరమునకు నెల గడచినను తగిన జవాబు రాలేదు. ఇట్టి సందర్భమున పోవలసిన చోటు బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయము. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములకు అది హైదరాబాదున కలదు. మొదట కంపెనీకి వ్రాసి నెలదినములు చూచి, వారు కాదన్నను, ఊరకున్నను, ఏడాదిలోపల అచటికి వ్రాసికొనవచ్చును. రుసుము లేదు. వకీలు నక్కఱ లేదు. మన మాట మనమే చెప్పుకొనవలెను. అంబుడ్స్‌మన్ ఇచ్చిన తీర్పునకు కంపెనీ కట్టుబడవలెను. ఈ సదుపాయము గలదని తెలియక, రానిదానికై వగచుచు ఊరకున్న కుటుంబములు మా వీధిలోనే కలవు.

సెప్టెంబరులో విచారణ వీడియోద్వారా జరిగినది. మా వారు సభలో మాటాడుటకు సంకోచించుటచే మేమే కూర్చుంటిమి. లెక్కపుస్తకము మీ చేతివ్రాతయే గదా, తరువాత వ్రాసినది కాదనుట కేమి నిదర్శనమని కంపెనీ తరఫువా రడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. అప్పుడు ప్రక్కనున్న మా అత్తగారు మెల్లగా లేచి లోనికి పోయి, దేవుని గూటి వెనుకనుండి గోడ క్యాలెండరుల చుట్టను తెచ్చిరి. వారికి చదువు కొద్ది. మల్లి ఊరేగింపునకు పోయిన ప్రతి ముహూర్తమునను క్యాలెండరులో ఆ తేదీచుట్టు కుంకుమతో సున్న చుట్టుట వారి యలవాటు. అది తిరిగి యిల్లు చేరిన తరువాతనే చుట్టెడివారట. ఎందుకనగా అది క్షేమముగా వచ్చినదను గుర్తుగా. 2023 క్యాలెండరు విప్పి చూపితిమి. నలువదియొక్క సున్నలు. పుస్తకములోని తేదీలతో అన్నియు సరిపోయినవి. మొదటి యేటి క్యాలెండరులో సున్నలు లేవు. అది శిక్షణ యేడని, కొన్ననాటి వెల శిక్షణలేని గుఱ్ఱపు వెలయని చెప్పుటకు అదియు సాక్ష్యమైనది.

ఉభయులకును రాజీ కుదిరినది. పోలికకు చూపిన రెండు గుఱ్ఱములలో తక్కువ వెలది, మల్లి కాలిమచ్చను బట్టి, ప్రమాణముగా గ్రహించి, 98,000 రూపాయలిచ్చుటకు కంపెనీవారు ఒప్పుకొనిరి. మాకును అది న్యాయముగనే తోచి సమ్మతించితిమి. మా అత్తగారు ఆ మొత్తము విని, "సరే. దాని వెల వాళ్లిచ్చారు. తక్కినది మన దగ్గరే ఉంటుంది" అని క్యాలెండరులు చుట్టి మరల గూటిలో పెట్టిరి.

బీమాకు సంబంధింపని నష్టములకు దారులు వేఱు. లారీయో బస్సో గ్రుద్ది పశువు చనిపోయినచో పోలీసులకు తెలిపి, పంచనామా, శవపరీక్ష కాగితములతో మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో పరిహారము కోరవచ్చును. పశువును చట్టము ఆస్తిగా నెంచును. అచట వెలతోపాటు, వేఱొక పశువును సంపాదించువఱకు పోయిన రాబడిని కూడ అడుగవచ్చును. బీమాలో అది రాదు. తుపానులు, వరదలవలన పోయినచో బేరమే లేదు. విపత్తు సహాయమునకై 2022-23 నుండి 2025-26 వఱకు ఏర్పఱచిన నియమములలో పాడి ఆవు గేదెలకు 37,500, గుఱ్ఱము ఎద్దులకు 32,000, గాడిద పొట్టిగుఱ్ఱములకు 20,000 రూపాయలని యుండెను. అది సాయమే గాని వెల కాదు. మల్లియైనను, కుంటిగుఱ్ఱమైనను ఒకటే. ఇక కేంద్రప్రభుత్వపు పశుసంపద బీమాలో ఆవు గేదెలేగాక గుఱ్ఱములు, గాడిదలు, కంచరగాడిదలు, మేకలు, గొఱ్ఱెలు కూడ చేరియున్నవి. 2024లో చేసిన మార్పుతో ప్రీమియములో యజమాని వాటా నూటికి పదునైదు మాత్రమే. మీ యూరి పశువైద్యశాలలో అడిగి తెలిసికొనుడు.

సోదరీమణులారా! పశువును కొనుట, అమ్ముట మగవారి పనియని మన యిండ్లలో ననుకొందురు. కాని దానికి కుడితి పెట్టునది, ఈనిన దినము గుర్తుంచుకొనునది, పూటకెన్ని పాలిచ్చినదో కొలుచునది మనమే. ఆ కొలతను మనసులో నుంచుకొనక కాగితముపై పెట్టుడు. కొన్న రసీదును రేషనుకార్డుతోపాటు దాచుడు. ఏటికొకసారి ముందునుండి, ప్రక్కలనుండి ఫోటో తీయించి తేదీ వ్రాయుడు. వైద్యుడు వచ్చినపుడు చీటీ అడిగి పుచ్చుకొనుడు. పాలలెక్క పుస్తకమును ఏడాది కాగానే చిత్తుకాగితములవానికి వేయకుడు. పాలసీని చదివి, ఎన్ని గంటలలో తెలుపవలెనో పై అట్టమీద పెద్ద యక్షరములతో వ్రాసియుంచుడు. ఇందులో కష్టమైన దేదియు లేదు. పశువు బ్రతికియున్ననాడే చేయవలెను, అంతే. అది కన్నుమూసిన నాటి యుదయమున ఇవి వెదకుటకు చేతులాడవు.

2024 డిసెంబరులో, వచ్చిన సొమ్మునకు మఱికొంత చేర్చి, మా వారు మరల సారంగ్‌ఖేడాకు పోయి అయిదేండ్ల ఆడుగుఱ్ఱమును తెచ్చిరి. ఇంకను డప్పునకు బెదరుచున్నది. వచ్చిన వారమే వైద్యుని పిలిపించి, పండ్లు చూపించి, సుడులు గీయించి, పాలసీ వ్రాయించితిమి. ఆ గుఱ్ఱము మెడక్రింద నున్న చిన్న గాయపు మచ్చను సంతలోని బేరగాడు మాటాడక దాచెనట. మా పిల్ల దానిని చూచి, బొమ్మలో ఆ చోట తానే గీత గీసినది.